ఇంట్లో గర్భ నిర్ధారణ పరీక్ష: తక్కువ ధర కిట్ సరిపోతుందా?

నెలసరి రావలసిన రోజు దాటి నాలుగు రోజులైతే ఏ ఇల్లాలికైనా మనసులో మెదిలే ప్రశ్న ఒక్కటే. ఒకప్పుడు ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ఆస్పత్రికి వచ్చి, సీసాలో మూత్రం ఇచ్చి, ల్యాబ్ వారు పేరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చోవలసి వచ్చేది. ఇప్పుడు మెడికల్ షాపులో దొరికే చిన్న కిట్‌తో ఐదు నిమిషాల్లో ఇంట్లోనే తెలిసిపోతుంది.

అయితే షాపుకు వెళ్ళగానే మరో ప్రశ్న ఎదురవుతుంది. ఒకే పని చేసే కిట్లు రకరకాల ధరల్లో ఉంటాయి. "చవకది కొంటే తప్పు చూపిస్తుందేమో" అన్న భయంతో కొందరు ఖరీదైనది కొంటారు. ఇంకొందరు నమ్మకం కుదరక ఒకే వారంలో మూడు, నాలుగు కిట్లు వాడేస్తారు. డబ్బు లేనివారు అసలు పరీక్షే చేసుకోకుండా రెండు, మూడు నెలలు గడిపేస్తారు. ఈ మూడింటిలో ఎక్కువ నష్టం కలిగించేది మూడవదే.

జవాబు ముందే చెప్పేస్తాము. తక్కువ ధర కిట్ సరిపోతుంది. కిట్ ధర కంటే పరీక్ష చేసే రోజు, చేసే పద్ధతి ముఖ్యం. ఎందుకో కింద వివరిస్తున్నాము.

కిట్ దేనిని కనిపెడుతుంది?

గర్భం నిలిచిన తరువాత, పిండం గర్భసంచి గోడకు అంటుకున్నప్పటి నుంచి హెచ్.సి.జి. అనే హార్మోను తయారవుతుంది. తరువాత మాయగా మారే కణాలే దీనిని తయారు చేస్తాయి. అండం విడుదలైన 6 నుంచి 12 రోజుల మధ్యలో పిండం గర్భసంచికి అంటుకుంటుంది. అప్పటి నుంచి ఈ హార్మోను మొదట రక్తంలోకి, తరువాత మూత్రంలోకి వస్తుంది.

పూర్వం ఈ హార్మోనును కనిపెట్టడానికి జంతువులను వాడేవారు. 1930ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు అనేక దేశాల్లో స్త్రీ మూత్రాన్ని ఒక రకం ఆఫ్రికా ఆడకప్పకు ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు. ఆ కప్ప గుడ్లు పెడితే ఆమె గర్భవతి అని చెప్పేవారు. కప్ప చేసిన ఆ పనినే నేడు ఒక కాగితపు పట్టీ చేస్తోంది. పట్టీలో హెచ్.సి.జి.ని పట్టుకునే పదార్థం, రంగు రేణువులు ఉంటాయి. మూత్రంలో ఆ హార్మోను చాలినంత ఉంటే 'టి' అనే అక్షరం దగ్గర రంగు గీత పడుతుంది. 'సి' దగ్గర పడే గీత మాత్రం గర్భం ఉన్నా లేకపోయినా రావాలి. పట్టీ సరిగా పనిచేసిందని చెప్పేది అదే.

చవక కిట్‌కు, ఖరీదు కిట్‌కు తేడా ఏమిటి?

కిట్లు ముఖ్యంగా మూడు రూపాల్లో వస్తాయి. మొదటిది, మూత్రంలో ముంచే ఉత్త కాగితపు పట్టీ. ఇది అన్నిటికన్నా చవక. రెండవది, అదే పట్టీని ప్లాస్టిక్ డబ్బీలో అమర్చి, చుక్కలు వేయడానికి చిన్న డ్రాపర్ ఇచ్చేది. మన షాపుల్లో ప్రెగా న్యూస్, ఐ-కెన్, వెలోసిట్ వంటి పేర్లతో ఎక్కువగా దొరికేవి ఈ రకమే. మూడవది, మూత్రధార కింద నేరుగా పట్టుకునే పుల్ల. విదేశాల నుంచి బంధువులు తెచ్చే వాటిలో చిన్న తెర మీద అక్షరాలతో ఫలితం చూపేవి కూడా ఉంటాయి. వాటి లోపల ఉండేదీ ఇలాంటి పట్టీయే. గీతను మనకు బదులు యంత్రం చదువుతుంది, అంతే. అమెరికాలో కూడా డాలర్ దుకాణాల్లో చవక కిట్లు అమ్ముతారు, అక్కడివారూ కొంటారు.

అంటే ఎక్కువ ధర చాలావరకు ప్లాస్టిక్‌కు, పెట్టెకు, ప్రకటనలకు పోతుంది. కొన్ని కిట్లు ఇతర వాటికన్నా తక్కువ హార్మోనును కూడా పట్టగలవన్నది నిజమే. మామూలు కిట్లు చాలావరకు మిల్లీలీటరు మూత్రంలో 25 యూనిట్ల హార్మోను ఉంటే చూపగలవు (ఈ యూనిట్లను మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు అంటారు). మరికొన్ని అంతకన్నా తక్కువ ఉన్నా చూపుతాయి.

కానీ ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. గర్భం తొలి వారాల్లో ఈ హార్మోను సుమారు ప్రతి 2, 3 రోజులకు రెట్టింపు అవుతుంది. ఒక స్త్రీకి ఈరోజు 15 యూనిట్లు ఉన్నాయనుకుందాం. మామూలు కిట్ ఈరోజు చూపకపోవచ్చు. రెండు, మూడు రోజుల్లో అది 30 అవుతుంది, వారం లోపే 60 దాటుతుంది. అప్పుడు అదే చవక కిట్ తేటగా చూపుతుంది. ఖరీదైన కిట్ డబ్బు తీసుకుని ఇచ్చే లాభాన్ని రెండు, మూడు రోజుల ఓపిక ఉచితంగా ఇస్తుంది.

తక్కువ ధరకు, ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది?

మొదట మీ గ్రామంలో లేక వార్డులో ఉన్న ఆశా కార్యకర్తను అడగండి. 2008లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద 'నిశ్చయ్' అనే పేరుతో గర్భ పరీక్ష కిట్లను ఆశాల ద్వారా అందించడం మొదలైంది. ఆశా దగ్గర లేకపోతే ఉపకేంద్రంలో ఏ.ఎన్.ఎం.ను గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ అడగండి. దీనికి డబ్బు ఇవ్వనక్కరలేదు. ఉచితంగా ఇచ్చినది నాసిరకమని అనుకోనక్కరలేదు కూడా. అది పనిచేసే పద్ధతి కూడా ఇదే.

అక్కడ నిల్వ లేకపోతే జన ఔషధి కేంద్రంలో కనుక్కోండి. మెడికల్ షాపుకు వెళ్తే "అన్నిటికన్నా తక్కువ ధరది ఇవ్వండి" అని మొహమాటపడకుండా అడగండి. డాక్టరు చీటీ అవసరం లేదు. షాపులో మగవారు నిలబడి ఉంటే అడగడానికి సిగ్గుపడే చెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. భర్తలు ఈ పని తాము చేస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది. కిట్ కొనడం ఆడవారి పని మాత్రమే కాదు.

కొనేటప్పుడు నాలుగు సంగతులు చూడండి

1. గడువు తేదీ. గడువు దాటిన కిట్ ఎంత ఖరీదైనదైనా తీసుకోవద్దు. కిట్ ఉచితంగా వచ్చినా తేదీ చూడండి.

2. రేకు సంచి. చిరిగినా, గాలి పోయినట్టున్నా వద్దు. తేమ తగిలితే పట్టీ పాడవుతుంది. పరీక్ష చేసే నిమిషం వరకు సంచి విప్పవద్దు.

3. నిల్వ. చాలా కిట్లను 30 డిగ్రీలకు మించని వేడిలో ఉంచాలని పెట్టె మీదే రాసి ఉంటుంది. మే నెల ఎండలో స్కూటరు డిక్కీలోనో, రేకుల గదిలో కిటికీ దగ్గరో పెట్టకండి. తడి ఉండే స్నానాల గది కూడా మంచిది కాదు.

4. సూచనల కాగితం. మీకు అర్థమయ్యే భాషలో గానీ, కనీసం బొమ్మలతో గానీ ఉన్నది తీసుకోండి. ఎన్ని చుక్కలు, ఎన్ని నిమిషాలు అన్నది కంపెనీని బట్టి కొద్దిగా మారుతుంది.

ఏ రోజు చేసుకోవాలి?

నెలలు క్రమంగా వచ్చేవారు, రావలసిన రోజు దాటాక చేసుకోవచ్చు. మూడు, నాలుగు రోజులు, వీలైతే వారం ఆగితే జవాబు ఇంకా నమ్మకంగా ఉంటుంది. అంతకు ముందే చేస్తే గర్భం ఉన్నా 'లేదు' అని రావచ్చు. అది కిట్ తప్పు కాదు, తొందర తప్పు.

నెలలు క్రమం లేనివారికి తేదీ లెక్క కుదరదు. అటువంటివారు భార్యాభర్తలు చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టి, ఆ తరువాత చేసుకోవాలి. బిడ్డకు పాలిస్తున్న తల్లులకు కూడా ఇదే మాట. కాన్పు తరువాత నెలసరి ఇంకా మొదలు కాకముందే మళ్ళీ గర్భం రావచ్చు. "ఇంకా బయట చేరలేదు కదా" అని ధీమాగా ఉండకండి.

ఎలా చేసుకోవాలి?

తెల్లవారి లేవగానే వచ్చే మొదటి మూత్రం మేలు. రాత్రంతా నిలవడం వల్ల హార్మోను చిక్కగా ఉంటుంది. "మూత్రం రావాలి" అని చెంబెడు నీళ్ళు తాగి చేస్తే పలచబడి గీత పడకపోవచ్చు.

శుభ్రంగా ఉన్న పొడి కప్పులో మూత్రం పట్టండి. సబ్బు అంటిన గిన్నె వద్దు. డబ్బీని సమంగా ఉన్న చోట పెట్టి, కాగితంలో చెప్పినన్ని చుక్కలు (సాధారణంగా మూడు) డ్రాపర్‌తో గుంటలో వేయండి. ఒట్టి పట్టీ అయితే దాని మీద గుర్తు పెట్టిన గీత దాటకుండా ముంచండి. గడియారం చూసి, చాలా కిట్లకు ఐదు నిమిషాల తరువాత, ఫలితం చదవండి. చూశాక పారేయండి. పావుగంట, అరగంట పోయాక మళ్ళీ తీసి చూస్తే మూత్రం ఆరిపోవడం వల్ల బూడిద రంగు నీడలాంటి గీత కనిపించవచ్చు. దానిని లెక్కలోకి తీసుకోకూడదు. ఆ నీడ గీతను చూసి ఆశపడి, తరువాత బాధపడేవారు ఎందరో.

గీతలను ఎలా చదవాలి?

'సి' దగ్గర, 'టి' దగ్గర రెండు గీతలూ వస్తే గర్భం ఉన్నట్టు. సమయం లోపల వచ్చిన 'టి' గీత పలచగా ఉన్నా, రంగు ఉంటే గర్భం ఉన్నట్టే భావించి, రెండు రోజుల తరువాత ఇంకొకసారి చూడండి.

'సి' దగ్గర ఒక్క గీతే వస్తే గర్భం లేదు, లేక ఇంకా తెలిసే సమయం కాలేదు.

'సి' గీత రాకపోతే, 'టి' గీత వచ్చినా రాకపోయినా ఆ కిట్ పనికిరాదు. కొత్త దానితో మళ్ళీ చేయాలి.

పలచగా రెండు గీతలు వచ్చి, కొద్దిరోజుల్లో నెలసరి వచ్చేస్తే, నిలిచిన గర్భం మొదట్లోనే పోయి ఉండవచ్చు. ఇది చాలామందికి జరుగుతుంది. బరువు ఎత్తడం వల్లనో, ప్రయాణం వల్లనో, ఏదో తిన్నందువల్లనో అని ఆ తల్లిని ఎవరూ నిందించకూడదు. ఇలా తొలి రోజుల్లోనే పోవడానికి ఎక్కువసార్లు పిండం ఏర్పడటంలోని లోపమే కారణం.

'లేదు' అని వచ్చినా నెల రాకపోతే?

వారం ఆగి ఇంకొక కిట్‌తో చూడండి. అప్పటికీ 'లేదు' అని వచ్చి, నెల కూడా రాకపోతే మూడవ కిట్ కొనవద్దు. ఆ డబ్బుతో ఆస్పత్రికి రండి. థైరాయిడ్, పి.సి.ఓ.డి., రక్తహీనత, విపరీతంగా బరువు పెరగడం లేక తగ్గడం, నలభై దాటినవారిలో నెలలు ఆగిపోయే వయసు దగ్గర పడటం వంటి కారణాలు ఉండవచ్చు. నెలలు బాగా గడిచిపోయిన గర్భంలో అరుదుగా కిట్ 'లేదు' అని చూపడం కూడా ఉంది.

ఒక ముఖ్య హెచ్చరిక. పెళ్ళికో, పండుగకో నెల వాయిదా వేయడానికి, ఆగిన నెల రప్పించడానికి షాపులో అడిగి మాత్రలు మింగే అలవాటు మన ఇళ్ళలో ఉంది. గర్భం ఉందో లేదో తెలుసుకోకుండా, డాక్టరు చెప్పకుండా అలాంటి మాత్రలు వేసుకోవద్దు. గర్భం పోవడానికి ఇచ్చే మాత్రలను షాపులో కొని సొంతంగా మింగడం మరింత ప్రమాదం. ఎందుకో కింది భాగం చదివితే అర్థమవుతుంది.

రెండు గీతలు చెప్పని సంగతి

కిట్ 'గర్భం ఉంది' అని మాత్రమే చెబుతుంది. అది ఎక్కడ ఉందో చెప్పదు. కొందరిలో పిండం గర్భసంచిలోకి రాకుండా గర్భనాళంలోనే ఎదుగుతుంది. దీనిని ఎక్టోపిక్ గర్భం అంటారు. నాళం సన్నటిది, సాగలేదు. కొన్ని వారాల్లో అది పగిలితే కడుపులోనే రక్తం కారి ప్రాణం మీదికి వస్తుంది. అటువంటి సమయంలో షాపు మాత్రలు మింగితే రక్తస్రావం కనిపించి "పని అయిపోయింది" అనుకుంటారు. లోపల నాళంలోని గర్భం మాత్రం అలాగే ఉంటుంది.

పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కొద్దికొద్దిగా రక్తం కనబడటం, భుజం చివర నొప్పి, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం: వీటిలో ఏది ఉన్నా, గర్భం అని తెలిసినా, అనుమానం మాత్రమే ఉన్నా వెంటనే ఆస్పత్రికి రావాలి. తెల్లవారేదాకా ఆగకండి. వాహనం లేకపోతే 108కు ఫోన్ చేయండి.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న అక్కలు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మన తెలుగు రాష్ట్రాల్లో చాలామంది తల్లులు చిన్న వయసులోనే ట్యూబెక్టమీ చేయించుకుంటారు. ఆ తరువాత గర్భం రావడం అరుదు. కానీ వస్తే అది నాళంలో వచ్చే అవకాశం మిగతావారికన్నా ఎక్కువ. కాబట్టి "నాకు ఆపరేషన్ అయిపోయింది, నాకెందుకు పరీక్ష" అనుకోవద్దు. నెల తప్పితే కిట్‌తో చూడండి. రెండు గీతలు వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి. లూప్ వేయించుకున్నవారికి, ఇంతకు ముందు ఎక్టోపిక్ వచ్చినవారికి కూడా ఇదే వర్తిస్తుంది. ఇలాంటి చోట చవక కిట్ ఒక ప్రాణాన్ని కాపాడగలదు.

గర్భం ఉందని తెలిశాక

మూడవ నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదని కొన్ని ఇళ్ళలో ఆచారం. బంధువులకు చెప్పకపోయినా ఫరవాలేదు, డాక్టరుకు, ఏ.ఎన్.ఎం.కు మాత్రం చెప్పాలి. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడేది తొలి వారాల్లోనే. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర ఆ రోజుల్లోనే పనిచేస్తుంది. మూడు నెలలు నిండకముందే పేరు నమోదు చేయించుకుంటే రక్తం గ్రూపు, హీమోగ్లోబిన్, బి.పి., షుగరు, ఇతర పరీక్షలు సకాలంలో జరుగుతాయి.

మూర్ఛలకు, బి.పి.కి, షుగరుకు, థైరాయిడ్‌కు, క్షయకు మందులు వాడుతున్నవారు వాటిని సొంతంగా ఆపవద్దు. మందు చీటీలన్నీ తీసుకుని వెంటనే రండి. కొన్ని మందులు మార్చవలసి ఉంటుంది, కొన్ని తప్పక కొనసాగించాలి. ఎక్స్‌రే తీయించుకోవలసి వస్తే ముందే గర్భం సంగతి చెప్పండి.

మీ ప్రశ్నలకు మా జవాబులు

పంచదార, ఉప్పు, టూత్‌పేస్టు వేసి చూస్తే తెలుస్తుందంటారు, నిజమా?
కాదు. మూత్రంలో ఏది వేసినా నురగ, బుడగలు రావచ్చు. వాటికీ గర్భానికీ సంబంధం లేదు. బ్లీచింగ్ పౌడరు కలిపితే హాని చేసే వాయువు వస్తుంది, ఆ పని చేయవద్దు.

జ్వరం మందులు, యాంటీబయాటిక్‌లు, గర్భ నిరోధక మాత్రలు వాడుతుంటే ఫలితం తప్పుతుందా?
సాధారణంగా తప్పదు. పిల్లల కోసం చికిత్సలో హెచ్.సి.జి. ఇంజెక్షన్ తీసుకుంటే మాత్రం గర్భం లేకపోయినా కొన్ని రోజుల పాటు రెండు గీతలు రావచ్చు. ఏ రోజు చేయాలో మీ డాక్టరునే అడగండి. గర్భస్రావం లేక కాన్పు జరిగిన కొన్ని వారాల వరకు కూడా గీత రావచ్చు.

గీత ముదురుగా ఉంటే మగబిడ్డ అంటారు, నిజమా?
కాదు. ఏ కిట్ కూడా బిడ్డ ఆడో మగో చెప్పలేదు. ఏ విధంగానైనా పుట్టకముందే లింగ నిర్ధారణ చేయడం, చేయమని అడగడం 1994 చట్టం ప్రకారం నేరం.

పెళ్ళై రెండేళ్ళైంది. ప్రతి నెలా మూడు, నాలుగు కిట్లు వాడుతున్నాను. ఏం చేయాలి?
తల్లీ, నెలకు ఒక్క కిట్ చాలు, అది కూడా నెల తప్పి వారం అయితేనే. ఒక్క గీత చూసిన ప్రతిసారీ మీరు పడే బాధ మాకు తెలుసు. ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే (వయసు 35 దాటితే ఆరు నెలలకే) భార్యాభర్తలు ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు రావాలి. లోపం భర్తలో కూడా ఉండవచ్చు. భర్తకు చేసే వీర్య పరీక్ష తేలికైనది, ఖర్చు తక్కువ. అది చేయించకుండా కోడలిని మాత్రమే ఆస్పత్రుల చుట్టూ తిప్పడం న్యాయం కాదు.

గుర్తుంచుకోండి

ఉచిత కిట్ అయినా, తక్కువ ధర కిట్ అయినా సరిపోతుంది. గడువు తేదీ చూడండి. నెల తప్పిన కొన్ని రోజులకు, ఉదయపు మొదటి మూత్రంతో, గడియారం చూసి చేయండి. 'లేదు' అని వస్తే వారానికి ఒకసారి మళ్ళీ చూడండి, తరువాత డాక్టరును కలవండి. 'ఉంది' అని వస్తే ఆ వారంలోనే కలవండి. నొప్పి, రక్తస్రావం, కళ్ళు తిరగడం ఉంటే గంట కూడా ఆలస్యం చేయవద్దు. కిట్ దగ్గర మిగిలిన డబ్బు ఆస్పత్రికి వచ్చే బస్సు చార్జీకి పనికివస్తుంది.